స్కాను నార్మల్ అంటే మెదడు కుదుటపడిందని కాదు



సంక్రాంతి సెలవుల్లో ఒక తండ్రి తన కొడుకును మన క్యాజువాలిటీకి తీసుకువచ్చారు. అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ముందురోజు సాయంత్రం డ్యూస్ బాల్‌తో ఆడుతుండగా ఒక బౌన్సర్ హెల్మెట్‌కు తగిలింది. కింద పడలేదు, స్పృహ తప్పలేదు. దులుపుకొని ఇంకో రెండు ఓవర్లు ఆడాడట. రాత్రి ఒకసారి వాంతి చేసుకున్నాడు. పొద్దున లేచేసరికి తలనొప్పి, లైటు చూస్తే చికాకు. పలకరిస్తే ఒక క్షణం ఆగి జవాబు చెబుతున్నాడని తల్లి గమనించింది. డ్యూటీ డాక్టరు గారు పరీక్ష చేసి స్కాను తీయించారు. అందులో ఏమీ లేదు.

తండ్రి ముఖం తేలికపడింది. "హమ్మయ్య, స్కాను నార్మలే కదా సిస్టరు గారూ. ఎల్లుండి ఫైనలు. వీడే ఓపెనరు. ఆడించవచ్చు కదా?" అన్నారు.

నేను వద్దన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "ఏమీ లేదని డాక్టరు గారే చెప్పారు. మళ్ళీ మీరు వద్దంటున్నారు. ఏమీ లేకపోతే ఎందుకు వద్దు?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కాని పక్క బెడ్డులో పాముకాటు కేసు ఉన్నపుడు నిలబడి జవాబు చెప్పే వీలు నాకు దొరకలేదు. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఒక్కరికే కాదు, సెలవులు వస్తే పిల్లలను మైదానానికి పంపే తల్లిదండ్రులందరికీ, టోర్నమెంట్లు నడిపే మన యువకులకూ కూడా.

మెదడు 1300 నుంచి 1400 గ్రాముల మెత్తని పదార్థం. పుర్రె లోపల నీటిలో తేలుతూ ఉంటుంది. కోనసీమ వాళ్ళకు కురిడీ కాయ తెలుసు. దాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపలి కొబ్బరి గుండు పెంకుకు కొట్టుకుంటుంది. పైన పెంకు చెక్కుచెదరదు. తలకు బంతి తగిలినా, కబడ్డీలో పట్టు పట్టి లాగినపుడు తల నేలకు కొట్టుకున్నా జరిగేది ఇంచుమించు ఇదే. దీనిని మెదడు కుదుపు అంటాం, డాక్టర్లు కంకషన్ అంటారు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. అది లేకుండా డ్యూస్ బాల్ ఆడటం పిచ్చితనం. కాని లోపలి కుదుపును హెల్మెట్ పూర్తిగా ఆపలేదు. తలకే తగలనక్కరలేదు కూడా. ఒళ్ళంతా ఒక్కసారిగా కుదిపే దెబ్బ తగిలినా లోపల మెదడు కదులుతుంది. ఈ దెబ్బ తగిలినవాళ్ళలో చాలామందికి స్పృహ తప్పదు. "పడిపోలేదు కాబట్టి ఫరవాలేదు" అనే మాట అందుకే పనికిరాదు.

ఇక లోపల ఏమవుతుంది? మెదడు కణాల గోడల్లో చిన్న చిన్న పంపులు ఉంటాయి. పొటాషియం ఎక్కువగా కణం లోపల ఉండాలి, సోడియం, కాల్షియం ఎక్కువగా బయట ఉండాలి. ఆ తేడా ఉంటేనే కణం పనిచేస్తుంది. కుదుపుకు ఈ అమరిక చెదిరిపోతుంది. పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది. అన్నింటినీ మళ్ళీ వాటి చోటికి చేర్చడానికి పంపులన్నీ ఒకేసారి పూర్తి వేగంతో పనిచేస్తాయి. అందుకు గ్లూకోజు చాలా కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. కావలసింది ఎక్కువ, వచ్చేది తక్కువ.

పోయిన కరెంటు వచ్చినపుడు ఊళ్ళో మోటార్లన్నీ ఒకేసారి వేస్తే ఏమవుతుందో రైతులకు నేను చెప్పనక్కరలేదు. లో వోల్టేజీలో మోటారు గుర్రుమంటుంది గాని నీళ్ళు పడవు. ఆ స్థితిలో బలవంతంగా నడిపితే కాలిపోతుంది. దెబ్బ తగిలిన మెదడు కొన్నాళ్ళు ఆ లో వోల్టేజీలోనే ఉంటుంది. అమెరికాలో లాస్ ఏంజెల్స్ యూనివర్సిటీకి చెందిన గిజా, హొవ్డా అనే శాస్త్రవేత్తలు 2001లో ఈ క్రమాన్నంతా వరుసగా వివరించారు. ఎలుకల్లో చూస్తే ఈ కొరత వారం పది రోజులదాకా ఉంటుంది. దెబ్బకు సాగిన నరాల పోగులు కుదుటపడడానికి ఇంకా సమయం పట్టవచ్చు.

స్కాను అంటే ఇంటికి ఫోటో తీయడం లాంటిది. గోడ కూలిందా, పైపు పగిలిందా అన్నది ఫోటోలో కనిపిస్తుంది. అంటే ఎముక విరిగిందా, రక్తం కారిందా అన్నది తెలుస్తుంది. అది తెలియడం చాలా ముఖ్యం, ప్రాణాలు కాపాడేది అదే. కాని ఇంట్లో వోల్టేజీ ఎంత ఉందో ఫోటోలో తెలియదు కదా. మెదడు కుదుపు మామూలు స్కానులో కనిపించదు. డాక్టరు గారు "ఏమీ లేదు" అంటే "ఆపరేషను అవసరమయ్యేది ఏమీ లేదు" అని అర్థం. "ఆడవచ్చు" అని కాదు. ఈ తేడా మేమే సరిగా చెప్పడం లేదని నా అభిప్రాయం. తప్పు ఆ తండ్రిది కాదు.

పెద్ద ఆటగాళ్ళ సంగతి చూద్దాం. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ స్టీవ్ స్మిత్‌కు ఇంగ్లండ్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ వేసిన బంతి మెడ దగ్గర తగిలింది. అతను నేలమీద పడిపోయాడు. డాక్టర్లు పరీక్షలు చేశారు, అన్నిటిలో పాసయ్యాడు. తిరిగి వచ్చి 92 పరుగుల దగ్గర అవుటయ్యాడు. మర్నాడు పొద్దున లేచేసరికి తలనొప్పి, మత్తుగా ఉంది. అప్పుడు అతన్ని మ్యాచ్ నుంచి తప్పించి, ఆ నెలలోనే అమలులోకి వచ్చిన కొత్త నిబంధన ప్రకారం లబుషేన్‌ను ఆడించారు. టెస్టు క్రికెట్‌లో అలా వచ్చిన మొదటి ఆటగాడు అతనే. పక్కనే నిపుణుడైన డాక్టరు ఉన్న అంత పెద్ద మైదానంలోనే లక్షణాలు మర్నాటికి గాని బయటపడలేదు. మరి మన కాలేజీ గ్రౌండులో బౌండరీ దగ్గర కూర్చున్న మావయ్య "బాగానే ఉన్నాడు, ఆడనివ్వండి" అంటే దాన్ని ఎలా నమ్మడం? స్మిత్ తర్వాతి టెస్టు కూడా ఆడలేదు. ఆ తర్వాతి టెస్టుకు వచ్చి 211 పరుగులు చేశాడు. విశ్రాంతి తీసుకుంటే ఆట మరిచిపోతాడని భయపడే తండ్రులు ఈ అంకె గుర్తు పెట్టుకోవాలి.

2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో మన జడేజాకు హెల్మెట్‌కు బంతి తగిలితే అతని బదులు చహల్ వచ్చి మూడు వికెట్లు తీశాడు. ఆ వారమంతా ఎక్కడ చూసినా ఆ మూడు వికెట్ల గురించే మాటలు, ఆస్ట్రేలియా కోచ్ మ్యాచ్ రిఫరీతో వాదించిన సంగతే. అసలు ఆ నిబంధన ఎందుకు పెట్టారో ఒక్కరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2008లో నేను వార్డు ఇన్‌చార్జిగా ఉన్నపుడు పదో తరగతి అబ్బాయి ఒకడు ఇలాగే వచ్చాడు. కబడ్డీలో పడ్డాడు. డిశ్చార్జి రోజున తల్లికి నేనే జాగ్రత్తలు చెప్పాను. చీకటి గదిలో పడుకోబెట్టమ్మా, టీవీ వద్దు, పుస్తకం వద్దు, స్నేహితులు రాకూడదు, తలనొప్పి పూర్తిగా పోయేదాకా మంచం దిగనివ్వద్దు అన్నాను. అప్పట్లో మేము నేర్చుకున్నది అదే. ఆ తల్లి నా మాట అక్షరాలా పాటించింది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. నాలుగు వారాల తర్వాత రివ్యూకు వచ్చినపుడు ఆ పిల్లవాడిని చూసి నాకు భయం వేసింది. తలనొప్పి తగ్గకపోగా పెరిగింది. నిద్ర తలకిందులైంది. తిండి తగ్గింది, ఎవరితోనూ మాట్లాడడు. పరీక్షలు దగ్గర పడ్డాయి, పుస్తకం ముట్టలేదన్న దిగులు వేరే. దెబ్బవల్లే ఇలా అయిందనుకున్నాం. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, అందులో కొంత మేము చెప్పిన విశ్రాంతివల్లే అయి ఉంటుందని.

2015లో అమెరికాలో మిల్వాకీ డాక్టర్లు 11 నుంచి 22 ఏళ్ళ మధ్య పిల్లలపై చేసిన పరిశీలన ప్రచురించారు. కొందరికి ఒకటి రెండు రోజుల విశ్రాంతి, కొందరికి ఐదు రోజుల కఠిన విశ్రాంతి చెప్పారు. ఐదు రోజులు పడుకున్నవాళ్ళే ఎక్కువ బాధలు చెప్పారు, వాళ్ళకే తగ్గడం ఆలస్యమైంది. 2019లో బఫెలో నగరంలో ఇంకొక పరిశీలన వచ్చింది. దెబ్బ తగిలిన వారం పది రోజుల లోపే తక్కువ వేగంతో నడక, సైకిలు వంటి వ్యాయామం మొదలుపెట్టిన పిల్లలు సగటున 13 రోజుల్లో కోలుకుంటే, ఒళ్ళు సాగదీసే తేలిక కసరత్తులు మాత్రమే చేసినవాళ్ళకు 17 రోజులు పట్టింది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు కూడా ఇదే మాట చెప్పారు. మొదటి 24 నుంచి 48 గంటలు విశ్రాంతి, అదికూడా మంచానికి కట్టేసే విశ్రాంతి కాదు. ఆ రెండు రోజులూ ఫోను, టీవీ బాగా తగ్గించాలి. తర్వాత మెల్లగా నడవాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన ఇళ్ళలో రెండు రకాల వాళ్ళూ ఉన్నారు. మర్నాడే బ్యాటు చేతికిచ్చేవాళ్ళు కొందరు, నెల రోజులు మంచం దింపనివాళ్ళు కొందరు. మెదడుకు రెండూ మంచివి కావు. లో వోల్టేజీలో మోటారు బలవంతంగా తిప్పకూడదు, అలాగని లైను పూర్తిగా కట్ చేసి కూర్చోనూ కూడదు. చిన్న లోడు పెట్టి చూడాలి. తట్టుకుంటే కొంచెం పెంచాలి.

పెద్దవాళ్ళలో ఎక్కువమందికి రెండు వారాల్లోపు, పిల్లల్లో ఎక్కువమందికి నాలుగు వారాల్లోపు తగ్గిపోతుంది. ఇంతకుముందు ఇలాంటి దెబ్బ తగిలినవాళ్ళకూ, మైగ్రేను ఉన్నవాళ్ళకూ, మొదటి రోజుల్లో బాధ మరీ ఎక్కువగా ఉన్నవాళ్ళకూ ఇంకా సమయం పట్టవచ్చు. తలనొప్పి ఒక్కటే కాదు. మర్చిపోవడం, చిరాకు, ఊరికే ఏడుపు రావడం, అక్షరాలు చూస్తుంటే కళ్ళు తిరగడం, నిద్ర ఎక్కువ కావడం లేదా అసలు పట్టకపోవడం, ఇవన్నీ మెదడు ఇంకా కోలుకుంటోందని చెప్పే గుర్తులు. పిల్లవాడు పొగరుగా మాట్లాడుతున్నాడని కొట్టకండి. ముఖ్యంగా గమనించవలసింది, బాధలన్నీ పోయిన రోజునే లోపలి పని పూర్తయిందని కాదు. గాయం పైన పొక్కు కట్టినంత మాత్రాన కింద చర్మం గట్టిపడదు కదా, ఇదీ అంతే.

ఆటకంటే ముందు చదువుకు వెళ్ళాలి. ఇక్కడ నాకు ఒక ఫిర్యాదు ఉంది. మన పిల్లల్లో చాలామంది రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉన్నారు. తెల్లవారుజామున మొదలైతే రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లు. తలకు కట్టు కనిపిస్తే సెలవిస్తారు, కట్టు లేకపోతే నటిస్తున్నాడంటారు. ఒక కాలేజీ వార్డెను అయితే "చెయ్యి విరిగితే సరే, తలనొప్పికి కూడా సెలవా?" అని నాతోనే ఫోనులో అన్నారు. చెయ్యి విరిగినవాడు చదవగలడు సారూ, వీడు చదవలేడు అని చెప్పాను. ఒప్పుకున్నారో లేదో తెలియదు. మొదట్లో సగం రోజు క్లాసులు, అరగంట చదివితే పది నిమిషాలు విరామం, కొన్నాళ్ళు పరీక్షలు వాయిదా. అడిగేది ఇంతే. డాక్టరు గారి చీటీ కావాలంటే మన ఓపీలో రాయించి ఇస్తాం. మొహమాటపడకుండా అడగండి.

చదువు కుదిరాక ఆట. మొదట రోజూ నడక. తర్వాత కొంచెం వేగం నడక లేదా సైకిలు. అది తట్టుకుంటే ఒంటరిగా పరుగు, గోడకు బంతి కొట్టుకోవడం. తర్వాత తలకు దెబ్బ తగిలే అవకాశం లేని ప్రాక్టీసు, మెత్తని బంతితో. డాక్టరు గారు చూసి సరేనన్నాకే నెట్స్‌లో అసలు బంతి, కబడ్డీలో పట్టు. చివరకు మ్యాచ్. ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య కనీసం ఒక పూర్తి రోజు ఉండాలి. ఎక్కడైనా తలనొప్పి తిరగబెడితే ఒక మెట్టు దిగాలి. నిపుణులు ప్రతి జట్టుకూ డాక్టరు, ఫిజియో ఉంటారనుకొని ఇది రాశారు. మనకు ఎవరున్నారు? బ్రిటన్ ప్రభుత్వం 2023లో డాక్టర్లు అందుబాటులో లేని ఊరి జట్లకోసం వేరే సూచనలు ఇచ్చింది. అందులో దెబ్బ తగిలిన తర్వాత 21 రోజుల లోపు మ్యాచ్ ఆడకూడదు అని ఉంది. మనకు సరిపోయేది అదే అని నా అభిప్రాయం. లెక్కలు చూసుకోనక్కరలేదు, క్యాలెండరులో మూడు వారాలు గీత గీస్తే చాలు.

ఇంత పట్టుదల ఎందుకంటే, మెదడు కోలుకోక ముందే రెండో దెబ్బ తగిలితే కథ మారిపోవచ్చు. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ళ అబ్బాయి స్కూలు ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కాసేపు బయట కూర్చున్నాడు. మళ్ళీ అదే మ్యాచ్‌లో ఆడాడు. ఆట ముగిశాక కుప్పకూలాడు. మెదడుకు ఆపరేషన్లు చేసి ప్రాణం నిలబెట్టారు గాని నెలల తరబడి మాట రాలేదు. 2009లో ఆ రాష్ట్రం అతని పేరుమీద చట్టం చేసింది. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే పిల్లవాడిని ఆట ఆపించి బయటికి పంపాలి, డాక్టరు రాసిస్తేనే మళ్ళీ ఆడించాలి. 2014కల్లా ఆ దేశంలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. మన సంఘంలో మనవలు అక్కడ చదువుతున్న పెద్దలు చాలామంది ఉన్నారు. ఆ పిల్లల స్కూలు కాగితాలలో తల్లిదండ్రులు సంతకం పెట్టే కంకషన్ ఫారం సంగతి వారిని అడిగితే చెబుతారు. అక్కడి మనవడికి ఒక నియమం, ఇక్కడి మనవడికి ఏ నియమమూ లేకపోవడం నాకు బాగోలేదు.

మళ్ళీ మళ్ళీ తగిలితే ఏమవుతుందో ఆస్ట్రేలియా ఆటగాడు విల్ పుకోవ్‌స్కీని చూస్తే తెలుస్తుంది. ఎంతో పైకి వస్తాడనుకున్నవాడు, ఒకే ఒక టెస్టు ఆడి, 2025లో 27 ఏళ్ళకే డాక్టర్ల సలహాపై ఆట వదిలేశాడు.

ఇంటి దగ్గర చేసే పనుల గురించి నాలుగు మాటలు. దెబ్బ తగిలినవాడిని ఆ రాత్రి అసలు నిద్రపోనివ్వకూడదని మన పెద్దలు అంటారు. డాక్టరు చూసి ఇంటికి పంపిన తర్వాత నిద్రపోనివ్వండి, నిద్ర మెదడుకు అవసరం. మొదటి రాత్రి మాత్రం పక్కన ఒకరు పడుకోవాలి. గాయంలో కాఫీపొడి పోయకండి, కుట్లు వేసేముందు దాన్ని కడగడానికి మా సిస్టర్లు పడే పాట్లు దేవుడికే తెలుసు. ఫిట్సు వస్తే చేతిలో తాళాలు పెట్టి కాలం గడపకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి బండి పిలవండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. మెడికల్ షాపులో అడిగి వేరే నొప్పి మాత్రలు మొదటి రోజుల్లో వేయకండి, కొన్నిటివల్ల రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది.

స్కాను ఒకసారి నార్మల్ వచ్చినా సరే, ఈ గుర్తులు కనిపిస్తే ఎంత రాత్రయినా 108కి ఫోను చేయండి లేదా తీసుకురండి: తలనొప్పి అంతకంతకూ పెరగడం, వాంతులు ఆగకపోవడం, లేపితే లేవకపోవడం, ఒక కంటిపాప పెద్దదిగా ఒకటి చిన్నదిగా కనిపించడం, ఫిట్సు, చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, మనిషిని గుర్తుపట్టకపోవడం, ముక్కులోంచి గాని చెవిలోంచి గాని నీరులాంటిది కారడం.

ఇక మన యూత్ వారికి ఒక మాట. ప్రతి ఏడూ క్రిస్మస్ తర్వాత మీరు నడిపే క్రికెట్, కబడ్డీ పోటీలు నాకు ఇష్టమే, మా స్టాఫు కూడా చూడడానికి వస్తారు. బహుమతులకూ, షామియానాకూ, మైకుకూ చందాలు వేస్తారు. ఈసారి రూల్సు కాగితంలో ఒక్క వాక్యం చేర్చండి. తలకు దెబ్బ తగిలినవాడు ఆ రోజు మళ్ళీ ఆడడు, అతని బదులు ఇంకొకరిని ఆడించవచ్చు. బదులు ఆటగాడు లేకపోతే ఏ కెప్టెనూ తన ఓపెనర్‌ను బయటికి పంపడు, అందుకే ఆ రెండో సగం కూడా కావాలి. నిర్ణయం కెప్టెనుకు గాని, తండ్రికి గాని, ఆ అబ్బాయికి గాని వదలకండి. ఆ సమయంలో ఆ అబ్బాయి మెదడే సరిగా లేదు, తన సంగతి తానెలా చెప్పగలడు? మ్యాచ్ రోజున మా స్టాఫు సిస్టరును ఒకరిని పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. అడగండి.

సంక్రాంతికి వచ్చిన ఆ అబ్బాయి ఫైనలు ఆడలేదు. ఆ తండ్రి నా మీద కోపంతోనే ఇంటికి వెళ్ళారు, కాని మాట విన్నారు. ఫైనలు ఓడిపోయారట. మూడు వారాల తర్వాత రివ్యూకు వచ్చినపుడు అబ్బాయి ముందే వచ్చి నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎలా ఉంది బాబూ అంటే, ఇంకా సాయంత్రం ఎక్కువసేపు చదివితే తల బరువెక్కుతోంది మేడమ్, పొద్దున పూట బాగానే ఉంది అన్నాడు. అతనికి ఇంకో పది రోజులు చెప్పాం. మెట్లన్నీ వరుసగా రాసిన కాగితం క్యాజువాలిటీలోనూ, ఓపీ చీటీల కౌంటరు దగ్గరా పెట్టించాను. డబ్బు కట్టనక్కరలేదు, అడిగి తీసుకోండి.